ఎడమ చేతి బోర్డు

అరకు,
13 జులై 1998

డాలీ అక్కకు,

నీ ఉత్తరం శుక్రవారం సంతకు బయలుదేరుతుంటే అందింది. సంతంతా దాని గురించే ఆలోచిస్తూ తిరిగి, కొనవలసిన చింతపండు మరిచిపోయి వచ్చాను.

బావ పనిచేసే ఆసుపత్రి స్టోరులో మా ఆయనకు ఉద్యోగం ఇప్పిస్తానని రాశావు. మీ పక్క వాటా ఖాళీగా ఉందన్నావు. నీ పక్కన ఉండటం నాకు ఇష్టం లేక కాదు. పెళ్ళయి ఏడాది దాటినా ఇక్కడ నేను గొంతెత్తి మాట్లాడేది కోళ్ళతోనే. ఆయనకు నీ ఉత్తరం చూపించాను. టంకం పెడుతున్న రేడియోను ఊది చల్లార్చి, "సూద్దాం" అన్నారు. ఆ మాటకు అవుననా, కాదనా, నాకింకా తెలియదు.

ఆయన ఆగడానికి కారణం ఉంది. ఇక్కడి ఆడపిల్లల హాస్టల్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. ఎప్పుడో విదేశాల సంఘంవారు పంపారట. చూడటానికి టైపు మిషను మీటలే ఉంటాయి, తెర కావాలంటే టీవీకి తగిలించాలి. పాఠాలన్నీ టేపు క్యాసెట్లలో ఉంటాయి. క్యాసెట్టు పెడితే చాలాసేపు కీచుమని అరిచి, అప్పుడు పాఠం తెర మీదకు వస్తుంది. ఈ ముసురుకు క్యాసెట్లు బూజు పట్టాయి. ఇప్పుడు అరుపు వస్తోంది గానీ పాఠం రావడం లేదు. వార్డెనమ్మ ఆ గదిలో బియ్యం బస్తాలు వేయిస్తానంటోంది.

ఆయన విశాఖలో పాత ఇనుప సామాన్ల కొట్టులో ఒక హార్డ్ డిస్కు సంపాదించారు. ఇటుక ముక్కంత ఉంటుంది. పాఠాలన్నీ మళ్ళీ టైపు చేసి అందులో దాచితే బూజు పట్టవు, అరవవు. కానీ ఆ కంప్యూటర్ తయారైన రోజుల్లో ఇలాంటి డిస్కులు లేవు. ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. రెండింటికీ మధ్య ఒక బోర్డు కావాలి. అది ఏ కొట్లోనూ అమ్మరట. తానే గీసి తయారు చేస్తానంటున్నారు.

అది పనిచేస్తే ఆ గదికి ఆయననే మాస్టారుగా పెట్టుకుంటానని వార్డెనమ్మ మాట ఇచ్చింది. పనిచేయకపోతే రేడియో షాపు మూసేసి రాజవొమ్మంగి వచ్చేద్దామన్నారు. బావను నవంబరు దాకా ఆగమని చెప్పగలవా?

ఇంకో చిన్న సహాయం. గోళ్ళరంగు ఒక సీసా పంపు. ముదురు ఎరుపు, కుంచె సన్నగా ఉన్నది. ఇక్కడ ఫ్యాన్సీ షాపు జయలక్ష్మి గారిని అడగాలంటే నాకు సిగ్గు. ఎందుకో వివరంగా రాద్దామంటే ఆయన పోస్టాఫీసుకు వెళ్ళడానికి చెప్పులు తొడుక్కుంటున్నారు.

మేమూ, కోళ్ళూ బాగున్నాం.

సుజానా


రాజవొమ్మంగి,
27 జులై

సుజానాకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను, చివర నాలుగైదు వాక్యాలు తప్ప. నవంబరు దాకా ఆపుతానన్నాడు. నీ మనసు నాకు అర్థమైందిలే. నీకు రావాలని ఉంది, మరిది తేల్చడం లేదు. మగవాళ్ళకు ఇనుప ముక్క దొరికితే పెళ్ళాం గుర్తుండదు. మీ బావకు మంచి తాళం దొరికినా అంతే.

ఇక గోళ్ళరంగు. నా పెళ్ళినాడు ఎవరో కాటుక పెట్టారని నాన్న ప్రార్థన ఆపించి మరీ నా మొహం కడిగించాడు, గుర్తుందా? పైగా నేనిక్కడ స్త్రీల సమాజానికి కార్యదర్శిని. అలంకారాలు ఎందుకు కూడదో పోయిన నెలే లేచి నిలబడి మాట్లాడాను. అలాంటిది నర్సు చేత రంగు తెప్పించి, పైటలో దాచుకుని ఇంటికి వచ్చాను. దారిలో పాస్టరమ్మ ఎదురై ఎక్కడి నుంచి అని అడిగితే పైట ఇంకా బిగించి పట్టుకున్నాను.

నువ్వు పుట్టాక ఏదైనా కావాలని నన్ను అడిగింది ఇదే మొదలు. అందుకని పంపుతున్నాను. బొంబాయి రవ్వ డబ్బాలో పెట్టాను, అడుగుదాకా వెతుకు. కొత్త కాపురం, మరిదికి సరదా కాబోలు. తప్పు పట్టను. ఆదివారం గుడికి వెళ్ళేటప్పుడు మాత్రం చెరిపేసుకో.

మీ బావకు ఈ సంగతి తెలియదు.

డాలీ


అరకు,
17 ఆగస్టు

అక్కా,

రవ్వ, రంగు రెండూ అందాయి. సీసా మూత వదులై రవ్వకు వాసన పట్టింది. ఆ ఉప్మా తిని ఆయన, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ గుర్తొస్తోందని మెచ్చుకున్నారు. ఆయన దేన్నయినా మెచ్చుకునేది అలాగే.

రంగు ఆయనకు చాలా నచ్చింది. ముందు ఆయన ఇక్కడి షాపులో తెచ్చింది పల్చన, ఆరగానే పెచ్చులు ఊడేది. నువ్వు పంపింది గట్టిగా నిలుస్తోంది. పొద్దున్నే షాపు తెరవకముందు కిటికీ దగ్గర కూర్చుని వేస్తున్నాను. ఆయన పక్కన కూర్చుని చూస్తారు. కొంచెం వంకరపోతే దూదితో తుడిచి మళ్ళీ వేయమంటారు. నిన్న నాకు విసుగొచ్చి కుంచె ఆయన చేతికే ఇచ్చాను. వేళ్ళన్నీ ఎరుపు చేసుకున్నారు. ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. ఇంకో సీసా పంపగలవా?

బోర్డు ఎందుకంత కష్టమో ఆయన నాకు చెప్పారు. డిస్కు ఏది ఇచ్చినా రెండు చేతులతో ఒకేసారి ఇస్తుందట. పాత కంప్యూటర్‌కు ఒక్క చెయ్యే ఉందట. అందుకని బోర్డు మీద ఒక చిప్ రెండో చేతి సరుకు పట్టుకుని, కంప్యూటర్ మొదటిది లోపల పెట్టి వచ్చేదాకా నిలబడాలి. ఇంకో చిప్ తలుపు దగ్గర ఉండి, పిలుపు డిస్కుకా, వేరేవాళ్ళకా అని చూసి లోపలికి పంపాలి. నేను విని, పెళ్ళి భోజనాల దగ్గర వడ్డన లాంటిదన్నమాట అన్నాను. ఆయన టంకం కర్ర కింద పెట్టి నా వైపు చూశారు. "నానిన్నాళ్ళూ ఎవులికీ సెప్పలేకపోనాను, నువ్వు ఒక్క ముక్కలో సెప్పేసినావు" అన్నారు. సిగ్గేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇవాళ నాన్న హుకుంపేట నుంచి వచ్చాడు. పనసకాయ తెచ్చాడు. ఆయన ఎదురెళ్ళి రెండు చేతులతో అందుకున్నారు. నాన్న ఆ చేతుల వంకే చూస్తూ నిలబడ్డాడు. కాఫీ తాగాడు గానీ భోజనానికి ఉండలేదు. రాజ్మా చేనుకు పందులు పడుతున్నాయని వెళ్ళిపోయాడు. పగటిపూట పందులేమిటో నాకు తెలియలేదు.

నీ చెల్లి
సుజానా


రాజవొమ్మంగి,
2 సెప్టెంబరు

సుజానా,

పందులూ లేవు, ఏమీ లేవు. నాన్న మీ ఇంటి నుంచి హుకుంపేట పోకుండా, రెండు బస్సులు మారి తిన్నగా ఇక్కడికి వచ్చాడు. మెట్టు మీద కూర్చుని మంచినీళ్ళు కూడా ముట్టకుండా, "డాలీ, అల్లుడు గోళ్ళకి రంగేసుకుంటన్నాడే" అన్నాడు. ఆ రంగు కొన్నది నేనే కదా. "మంచోడే. పనసకాయ బాగానే అందుకున్నాడు. మరి ఆ ఏళ్ళేటి అలాగున్నాయి" అని తనలో తనే అనుకుంటూ కూర్చున్నాడు.

అప్పుడు నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. షాపు తెరవకుండా మొగుడూ పెళ్ళాం కిటికీలో కూర్చుని గోళ్ళకు రంగులు వేసుకోవడం, తుడుచుకోవడం, మళ్ళీ వేసుకోవడం. ఇలాగైతే రేడియోలు ఎవరు బాగుచేస్తారమ్మా? ఆ బోర్డు పేరు చెప్పి మరిది పని ఎగ్గొడుతున్నాడని మీ బావ అంటున్నాడు. ఇక దాచలేక ఆయనకు అంతా చెప్పాను.

బుధవారం స్త్రీల సమాజంలో ప్రార్థన చేయించాను. పేరు చెప్పలేదు, అరకులో ఒక సహోదరుడి కోసం అన్నాను. అయినా పాస్టరమ్మ నా వైపే చూసింది.

నవంబరు మొదటి వారం మీ బావ ఆసుపత్రి జీపులో వస్తాడు. ఎటూ డుంబ్రిగుడ వైపు మందులు దించాలి. సామాను సర్దుకుని ఉండండి. ఇక్కడ స్థిరమైన పని, పక్కన నేను. నీకు కావలసింది అదేనని నాకు తెలుసు. ఏదైనా ఇబ్బంది ఉంటే సిగ్గుపడక రాయి. ఉత్తరంలో నీ మొహం ఎవరికి కనిపిస్తుంది?

రెండో సీసా పంపడం లేదు.

డాలీ


అరకు,
20 సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వాను. నా గోళ్ళకు గానీ ఆయన గోళ్ళకు గానీ ఎప్పుడూ ఎవరూ రంగు వేయలేదు. నేను రంగు వేసేది బోర్డుకు. నీకు చెప్పాననే అనుకున్నాను. చెప్పలేదని ఇప్పుడు తెలిసింది.

ఒక పలక ఉంటుంది, దానికి ఒకవైపు అంతా రాగి రేకు. ఎక్కడెక్కడ రాగి మిగలాలో అక్కడ గోళ్ళరంగుతో గీతలు వేయాలి. ఆరాక గోధుమరంగు మందులో ముంచితే, రంగు లేనిచోట రాగి కరిగిపోతుంది. రంగు కిందది మిగులుతుంది. ఆ గీతలే తీగలు. చిప్‌లు రెండోవైపు కూర్చుంటాయి. వాటి కాళ్ళు చిల్లుల్లోంచి దిగితే రాగి వైపు టంకం పెడతారు. మొదటిసారి ఆ మందును తెలియక నా సిల్వరు గిన్నెలో పోశారు. గిన్నె పొగలు కక్కి అడుగు ఊడిపోయింది. ఇప్పుడు ప్లాస్టిక్ టబ్బు వాడుతున్నాం.

ఆయన చిప్‌లను బల్ల మీద పరిచి, పైనుంచి చూస్తూ కాగితం మీద బొమ్మ గీశారు. దాన్ని రాగి మీదకు దించే పని నాది. మనకు హుకుంపేట కుట్టు సెంటర్లో సవరమ్మ టీచర్ నేర్పినట్టే చేశాను. బటర్ పేపరు మీద బొమ్మ దించి, గీతల వెంట సూదితో పొడిచి, నీలిమందు మూటతో అద్దాను. గుడ్డకైతే కిరసనాయిలు కలుపుతాం గానీ, రాగి మీద జిడ్డు ఉంటే రంగు పట్టదు. అందుకని పొడిగానే అద్దాను. సన్నటి చుక్కలు పడ్డాయి. ఆ చుక్కల వెంటే కుంచెతో గీతలు వేశాను.

రెండు బోర్డులు చేయమన్నారు, ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని. నేను ఒకటి అద్ది, కాగితం తిరగేసి రెండోది అద్దాను. జాకెట్టు చేతుల పువ్వులకు ఎప్పుడూ అలాగే చేస్తాం కదా, చెయ్యి దానంతటదే తిరగేసింది. కడిగాక చూస్తే ఒకటి కుడిచెయ్యి, ఒకటి ఎడమచెయ్యి. నాకు ప్రాణం పోయింది. ఆయన కోప్పడలేదు. "జాకెట్టు కుట్టేసినావేటి" అని నవ్వి, కాగితంతో సరిపోయినదాన్ని తీసుకున్నారు. ఎడమచేతిదాన్ని అటక మీద పడేశారు.

నవ్వింది అంతవరకే. చిప్‌లు పెట్టి కరెంటు ఇవ్వగానే ముట్టుకోలేనంత కాలాయి. ఒకటి చచ్చిపోయింది. అప్పటి నుంచి వెతుకుతున్నారు. కాగితాన్ని, బోర్డును పక్కపక్కన పెట్టి ఒక్కొక్క గీతా నా చేత చదివించి సరిచూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా పనిచేయదు. తప్పు తన బొమ్మలోనే ఉందనీ, ఇది తన చదువుకు మించిన పని అనీ అంటున్నారు. బాగుచేయని రేడియోలను ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తున్నారు. వార్డెనమ్మ బియ్యం బస్తాలు వరండాలో దింపించింది.

అందుకని బావను రమ్మను. నేను ట్రంకు పెట్టె దులిపాను.

ఉత్తరంలో మొహం కనిపించదన్నావు కాబట్టి ఒక మాట రాస్తాను. నాకు ఇక్కడే ఉండాలని ఉంది. నీ మీద ప్రేమ లేక కాదు. ఆయనా, నేనూ మాట్లాడుకోవడం ఈ బోర్డు మొదలయ్యాకే మొదలైంది. అంతకుముందు అన్నం పెట్టనా అంటే పెట్టు అనేవారు, అంతే. ఇప్పుడు ఏ గీత ఎటు తిప్పాలో నన్ను అడుగుతారు. ఒక గీత ఇంకోదాన్ని దాటకుండా నేను దారి కనిపెడితే, రోజంతా ఈల వేస్తారు. అక్కడ స్టోరులో బస్తాలు లెక్కపెట్టి వచ్చే మనిషితో నేనేం మాట్లాడతాను? ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే ఓడిపోయిన మనిషిని ఇంకా నొప్పించినట్టు అవుతుంది.

సుజానా


రాజవొమ్మంగి,
5 అక్టోబరు

సుజానాకు,

ముందు మరిదికి నా తరఫున క్షమాపణ చెప్పు. సమాజంలో చేసిన ప్రార్థనను వెనక్కి తీసుకోవడం ఎలాగో పాస్టరమ్మను అడిగాను. అవసరం లేదు, ఎక్కడో అక్కడ పనికొస్తుందిలే అంది. నాన్నకు ఉత్తరం రాశాను. ఆయన నమ్మడానికి కొన్నాళ్ళు పడుతుంది.

నీ ఉత్తరం వచ్చి వారమైంది. జవాబు రాయకపోవడానికి కారణం ఉంది. వచ్చిన రోజే మీ బావ చొక్కాలు ఉతికి, తిరగేసి ఆరేశాను. ఆ చొక్కా చూస్తూ నిలబడ్డాను. తిరగేసిన చొక్కాకు ఎడమ జేబు కుడివైపు వచ్చింది, ఎడమ చెయ్యి కుడి చెయ్యి అయింది. దారం పట్టిన మనిషికి ఇందులో వింత ఏముంది? కానీ నీ బోర్డు గుర్తొచ్చింది.

మరిది బొమ్మ గీసింది చిప్‌లను పైనుంచి చూసి. రాగి ఉన్నది కింది వైపు. పైనుంచి చూసిన బొమ్మను కింది వైపు ఉన్నదున్నట్టు దించితే, అది తిరగేసిన చొక్కానే కదా. కాగితం పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మీరు తప్పు వెతికిందీ అలాగే, అందుకే దొరకలేదు. చిప్‌లు కూర్చున్నాక మాత్రం కుడికాలు చెప్పు ఎడమకాలికి తొడిగినట్టే. అలాంటప్పుడు నువ్వు కాగితం తిరగేసి అద్దిందే సరైన బోర్డు కావాలి. అటక మీది నుంచి దాన్ని దించమను. నాకు కంప్యూటర్ అంటే ఏమిటో తెలియదు. చొక్కా సంగతి చెబుతున్నాను, అంతే.

ఇది రాయకుండా ఈ ఉత్తరం ముగిద్దామని చాలాసార్లు అనుకున్నాను. మీ బావ జీపు కూడా మాట్లాడేశాడు. నువ్వు పక్కనుంటే సాయంత్రాలు ఏమేం చేయాలో నేను చాలా అనుకుని పెట్టుకున్నాను. కానీ ఉండాలని ఉందని నువ్వు నీ చేత్తో రాశావు. నాకు రాసి ఏం లాభం, ఆ మాట మొగుడికి చెప్పు. నోటితో చెప్పలేకపోతే ఈ ఉత్తరం చూపించు.

రెండో సీసా రవ్వలో కాదు, ఈసారి పప్పులో పెట్టి పంపుతున్నాను.

డాలీ


అరకు,
26 అక్టోబరు

అక్కా,

నీ ఉత్తరం ఆయన చేతికిచ్చి కోళ్ళ దగ్గరకు వెళ్ళిపోయాను. చాలాసేపటికి అటక మీద చప్పుడైంది. ఆయన బూజు నెత్తిన వేసుకుని ఎడమచేతి బోర్డుతో దిగారు. ముందు బోర్డు గురించి ఏమీ అనలేదు. "ఉండాలనుంటే నాకు సెప్పాల గానీ, రాజవొమ్మంగికి సెప్తావేటి" అన్నారు. నేను తల వంచుకునే, ఉండాలని ఉంది అన్నాను. అప్పుడు చిల్లులు వేయడం మొదలుపెట్టారు.

చచ్చిపోయిన చిప్‌కు బదులు ఇంకొకటి విశాఖ నుంచి రైల్లో వచ్చింది. ఈసారి కరెంటు ఇచ్చాక ఇద్దరం వేళ్ళు పెట్టి చూశాం. చిప్‌లన్నీ చల్లగా ఉన్నాయి. డిస్కు తిరిగింది. కంప్యూటర్‌కు డిస్కుతో ఎలా మాట్లాడాలో నేర్పే మాటలు ఆయన ముందే రాసి పెట్టుకున్నారు. వాటిలో ఒక తప్పు ఉండి రెండు రోజులు ఏడిపించింది. మూడో రోజు హాస్టల్ పిల్లలు తమ పేర్లు కొట్టారు. కంప్యూటర్ ఆపేసి, అందరం భోజనాలకు వెళ్ళాం. వచ్చి మళ్ళీ వేస్తే పేర్లన్నీ అలాగే ఉన్నాయి. టేపు లేదు, అరుపు లేదు. పిల్లలు చప్పట్లు కొట్టలేదు, ఆ నిశ్శబ్దం చూసి ఏదో పాడైందనుకున్నారు.

వార్డెనమ్మ బస్తాలు వంటింటి వైపు తీయించింది. పెదబయలు హాస్టల్లో కూడా ఇలాంటి కంప్యూటరే మూలన పడి ఉందట. వాళ్ళకూ ఒక బోర్డు కావాలని కబురు వచ్చింది. ఆయన ఈసారి బొమ్మ గీసి, నా వైపు చూసి, "తిరగేసి అద్దు" అన్నారు. తిరగేసే అద్దుతున్నాను. ఒకటే చేస్తున్నాను, జత చేయడం లేదు.

జీపు వద్దని బావకు చెప్పు. ఎలా చెప్పాలో నీకే బాగా తెలుసు, నాకు బావ ఎదుట మాట రాదు.

నీ సుజానా


రాజవొమ్మంగి,
9 నవంబరు

సుజానాకు,

నీ ఉత్తరం అందేసరికి మీ బావ జీపు ఎక్కి వెళ్ళిపోయాడు. కాబట్టి నేను చెప్పింది ఏమీ లేదు. చెప్పింది నువ్వే. ఆయన తిరిగి వచ్చి, కాళ్ళు కడుక్కోకముందే నాకు అంతా చెప్పాడు.

మరిది హాస్టల్లో ఉన్నాడట. ఎప్పటిలా నువ్వు తలుపు వెనక నిలబడి మంచినీళ్ళ చెంబు మాత్రం బయటకు పెడతావనుకున్నాడట. నువ్వు గుమ్మం దాటి వచ్చి, వేళ్ళకు నీలిమందుతో ఆయన ఎదుట నిలబడి, "మేం రాం బావా. ఆయనకిక్కడ పనుంది. నాకూ ఉంది" అన్నావట. మీ బావ ఆ మాటను మూడుసార్లు నీలాగే చేసి చూపించాడు. "మీ సెల్లికి నోరుందే. ఇన్నాళ్ళూ మూగగుంటేమో అనుకుని జాలిపడ్డాను" అన్నాడు. కోపం ఏమీ లేదు. మీరు హాస్టల్‌కు తీసుకెళ్ళి ఆయన చేత కూడా పేరు కొట్టించారట కదా. దారి పొడవునా డ్రైవరుకు అదే చెబుతూ వచ్చాడట.

ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు. మంచివాడే. భార్య లేదు గానీ, మేక ఉంది. దాన్ని పక్క వాటాలోనే కట్టేశాడు. నువ్వు వస్తావని ఆ గదికి సెప్టెంబరులోనే సున్నం వేయించాను. ఇప్పుడు పొద్దున లేచింది మొదలు ఆ మేక గోడలన్నీ నాకుతోంది.

నాకనీ. మంచి సున్నమే వేయించాను.

డాలీ